మధ్యలో మానేసే హక్కు

జగిత్యాల దగ్గరి ఒక పల్లెలో, ఇంటి అరుగు మీద కూర్చుని, ఆ తల్లి ఒక ప్లాస్టిక్ కవరు నా ముందు పెట్టింది. అందులో మూడు కాగితాలున్నాయి. మొదటిది కొడుకు ఉద్యోగ ఒప్పందం, ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క అరబ్బీ. రెండోది పాస్‌పోర్టు, వీసాల జిరాక్సు. మూడోది ప్రామిసరీ నోటు నకలు. రెవెన్యూ స్టాంపు మీద కొడుకు సంతకం, కింద సాక్షిగా మేనమామ సంతకం, తేదీ వేయాల్సిన చోట ఖాళీ.

కొడుకు సౌదీ వెళ్లి నాలుగు నెలలైంది. ఆఫీసులో క్లీనింగ్ పని అని చెప్పి పంపారు. అక్కడ గోదాములో సిమెంటు బస్తాలు మోయిస్తున్నారు. నడుము పట్టేసింది, ఉండలేను, వచ్చేస్తానని రోజూ రాత్రి ఫోన్ చేస్తున్నాడు. రెండేళ్లు నిండకుండా పోతే వీసా ఖర్చంతా కట్టాలని అక్కడి సూపర్‌వైజర్ అంటున్నాడు. కేసవుతుందని ఇక్కడి ఏజెంటు అంటున్నాడు. ఆమె ఒప్పందం కాగితం మీద వేలు పెట్టి అడిగింది: “నడుమల ఇడిసిపెట్టి వస్తే జైల్ల ఏస్తరా సారూ?”

ఆ రోజు నేను సూటిగా జవాబు చెప్పలేకపోయాను. తర్వాత ఆయా దేశాల చట్టాలు తిరగేశాను. వెళ్లొచ్చినవాళ్లతో మాట్లాడాను. తేలిందేమిటంటే, ఆమె వేలు పెట్టిన కాగితం నిజానికి మూడింటిలో బలహీనమైనది. మనిషిని కట్టేసేవి మిగతా రెండూ. వాటిలోనూ గట్టి ముడి మన ఊళ్లోనే పడుతోంది. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి, కడప, రాజంపేట, కోనసీమ నుంచి గల్ఫ్‌కు వెళ్లేవాళ్లకే కాదు, అమెరికా కన్సల్టెన్సీల్లో చేరే ఇంజనీర్లకూ, బ్రిటన్ కేర్ హోమ్‌లకు వెళ్లినవాళ్లకూ ఈ చిక్కు ఉంది. అందుకే దీన్ని మొత్తంగా ఒకసారి చూడాలి.

మానేయడం నేరమైన రోజులు

ఆ తల్లి భయానికి మూలం లేకపోలేదు. పని ఒప్పందం తప్పితే జైలు అన్నది మన దేశంలో ఒకప్పుడు రాసిపెట్టిన చట్టమే. ఈస్టిండియా కంపెనీ పాలన పోయిన మరుసటేడే, 1859లో, ఆంగ్లేయ ప్రభుత్వం పనివాళ్ల ఒప్పంద ఉల్లంఘన చట్టం తెచ్చింది. అడ్వాన్సు తీసుకున్న కూలీ పని మానేస్తే, డబ్బు తిరిగి కట్టాలి, లేదా పని పూర్తి చేయాలి. రెండూ చేయకపోతే మూడు నెలల వరకు కఠిన కారాగార శిక్ష. ఆ చట్టం 1925లో గానీ రద్దు కాలేదు.

ఆ చట్టం వచ్చిన మరుసటి ఏడాదే, 1860 నవంబర్ 16న, మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో ఓడ ఒప్పంద కూలీలతో దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. నాటాల్ చెరకు తోటల్లో దిగినవాళ్లలో తెలుగువాళ్లున్నారు. 1903 నుంచి మద్రాసు మీదుగా ఫిజీకీ వెళ్లారు. అగ్రిమెంట్ అనే మాట వాళ్ల నోట గిర్మిట్ అయింది. అయిదేళ్ల గిర్మిట్ నిండేదాకా తోట వదలడానికి లేదు. వదిలితే దొరలకది దావా వ్యవహారం కాదు, మేజిస్ట్రేటు ముందుకు తెచ్చే నేరం. ఒప్పంద వలస 1917లో ఆగింది. ఫిజీలో మిగిలిన ఒప్పందాలన్నీ 1920 జనవరి 1తో రద్దయ్యాయి.

ఆ తర్వాత లోకం ఒక సూత్రానికి వచ్చింది. 1930 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ 29వ ఒడంబడిక, శిక్ష భయం చూపి, ఇష్టం లేని మనిషి చేత చేయించే పనిని నిర్బంధ చాకిరీ అంది. మొదట ఇష్టపడి చేరాడు కదా అన్న వాదన ఇక్కడ చెల్లదు. చేరడానికి ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే వీలు కూడా ఉండాలి. మానేస్తే డబ్బు బాకీ పడవచ్చు, మనిషి మాత్రం బాకీ పడకూడదు. ఈ వ్యాసంలో ప్రతి దేశాన్నీ ఈ గీటురాయి మీదే చూస్తున్నాను.

మొదటి కాగితం: ఒప్పందం, జరిమానా

రెండేళ్లకని చేరి నాలుగు నెలలకే వదిలేస్తే యజమానికి నష్టం లేదా? ఉంటుంది. వీసా రుసుము, టికెట్, మెడికల్, శిక్షణ, మరో మనిషి దొరికేదాకా ఆగిపోయే పని, ఇవన్నీ ఖర్చులే. పెద్ద కంపెనీ తట్టుకుంటుంది, నలుగురితో నడిచే చిన్న కొట్టు యజమానికి భారమే. కాబట్టి అసలు ప్రశ్న నష్టం ఉందా అన్నది కాదు. ఆ నష్టాన్ని ఎంతవరకు, ఎవరి నుంచి రాబట్టవచ్చన్నది.

దీనికి దేశాలు ఇచ్చిన జవాబులు ఒక్కలా లేవు. కార్మికుడి పక్షాన అందరికన్నా ముందున్నది జపాన్. అక్కడి కార్మిక ప్రమాణాల చట్టం 16వ అధికరణం ప్రకారం, మానేస్తే ఇంత కట్టాలని ఒప్పందంలో ముందుగా రాసుకోవడమే నిషేధం. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా జపాన్ వెళ్లే మన నర్సులు గుర్తుంచుకోవాల్సిన అధికరణం ఇది.

యూఏఈలో 2022 ఫిబ్రవరి 2 నుంచి కొత్త కార్మిక చట్టం అమల్లో ఉంది. 1980 నాటి పాత చట్టంలో గడువు ఒప్పందాన్ని మధ్యలో తెంచుకున్న కార్మికుడు 45 రోజుల జీతం వరకు పరిహారం కట్టాల్సి వచ్చేది. కొత్త చట్టంలో నోటీసే ప్రధానం. ప్రొబేషన్ ఆరు నెలలకు మించకూడదు. ప్రొబేషన్‌లో ఉండగా దేశం వదిలి వెళ్లాలంటే 14 రోజుల నోటీసు చాలు. అక్కడే వేరే కంపెనీకి మారాలంటే నెల నోటీసు ఇవ్వాలి, నియామక ఖర్చు పాత కంపెనీకి కొత్త కంపెనీ కట్టాలి. ప్రొబేషన్ దాటాక నోటీసు 30 నుంచి 90 రోజులు. ఇవేవీ పాటించకుండా వెళ్లిపోతే ఏడాది పాటు కొత్త పర్మిట్ రాదు. నియామక ఖర్చును కార్మికుడి నుంచి నేరుగా గానీ దొడ్డిదారిన గానీ వసూలు చేయకూడదని ఆరో అధికరణం అంటోంది. “వీసా ఖర్చు కట్టి పో” అన్న మాటకు అక్కడ చట్టం దన్ను లేదు.

ఖతార్ 2020లో తెచ్చిన 18, 19 నంబరు చట్టాలతో పాత యజమాని ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) లేకుండానే ఉద్యోగం మారవచ్చు. రెండేళ్ల లోపు సర్వీసుకు నెల నోటీసు, ఆపైన రెండు నెలలు. ఒమన్ కూడా 2021 జనవరి నుంచి ఎన్‌వోసీ షరతు ఎత్తేసింది.

సౌదీ దగ్గర జాగ్రత్త పడాలి. అక్కడ విదేశీయుల ఒప్పందాలన్నీ గడువున్నవే. సరైన కారణం లేకుండా మధ్యలో తెంచుకున్న పక్షం మిగిలిన కాలానికి జీతమంత పరిహారం, అదీ రెండు నెలల జీతానికి తగ్గకుండా ఇవ్వాలని 77వ అధికరణం చెబుతోంది. ఇది యజమానికీ కార్మికుడికీ ఒకేలా వర్తిస్తుంది. కాబట్టి సౌదీలో జరిమానా ఉత్త బెదిరింపు కాదు. అయితే అదే చట్టంలో 81వ అధికరణం ఉంది. యజమాని ముఖ్యమైన బాధ్యతలు నెరవేర్చకపోయినా, పని పరిస్థితుల గురించి మోసం చేసి చేర్చుకున్నా, ఒప్పుకున్న పనికి పూర్తిగా వేరైన పని సమ్మతి లేకుండా అప్పజెప్పినా, చెయ్యి చేసుకున్నా, అవమానించినా, ప్రాణానికి ముప్పు ఉన్నా, నోటీసు లేకుండానే వెళ్లిపోవచ్చు. హక్కులు పోవు. పైగా నియామక రుసుము, అకామా (నివాస పత్రం), పర్మిట్ ఖర్చులు యజమానివేనని 40వ అధికరణం రాసిపెట్టింది. క్లీనింగ్ అని చెప్పి బస్తాలు మోయించడం 81వ అధికరణం కిందికి వచ్చే ఫిర్యాదే. ఆ అబ్బాయికి కావాల్సింది క్షమాపణ లేఖ కాదు, ఆ అధికరణం నంబరు, క్లీనర్ అని రాసున్న ఒప్పందం, గోదాములో తీసిన ఫొటోలు.

అమెరికాలో హెచ్1బీ ఉద్యోగి ముందుగా మానేస్తే యజమాని జరిమానా వేయకూడదని ఫెడరల్ నిబంధన ఉంది. పిటిషన్ ఫైలింగ్ ఫీజు కూడా రాబట్టకూడదు. అయితే రాష్ట్ర చట్టం ఒప్పుకున్న మేరకు, నిజమైన నష్టానికి దగ్గరగా ముందే అంచనా కట్టిన పరిహారం చెల్లుతుంది. కన్సల్టెన్సీల బాండ్లన్నీ ఈ సందులోంచే పుట్టాయి. అందుకే అంకె కన్నా అది దేనికి లెక్క అన్నదే అక్కడ ప్రశ్న. 2019లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు, ఫిలిప్పీన్స్ నర్సుల మీద 25,000 డాలర్ల రుసుము మోపిన ఒప్పందాన్ని చెల్లని జరిమానాగా తేల్చింది. అంతటితో ఆగకుండా, అలా బెదిరించి పని చేయించడం మనుషుల అక్రమ రవాణా నిరోధక చట్టాన్ని ఉల్లంఘించడమేనంది. బ్రిటన్‌లో ఆరోగ్య, సంరక్షణ రంగాల నియామక నియమావళి, తిరిగి కట్టాలన్న షరతులు పారదర్శకంగా, అసలు ఖర్చుకు తగినట్టుగా ఉండాలని, కాలం గడిచేకొద్దీ తగ్గాలని చెబుతోంది.

మన దేశంలో 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ఒప్పందంలో రాసిన మొత్తాన్ని గరిష్ఠ పరిమితిగానే చూస్తుంది. కోర్టు ఇప్పించేది న్యాయమైన పరిహారమే. వ్యక్తిగత సేవ చేయమని మనిషిని కోర్టు బలవంతపెట్టదు. అలాగని బాండ్లన్నీ చెల్లవనుకోవడమూ పొరపాటే. 2025 మేలో సుప్రీంకోర్టు విజయా బ్యాంకు కేసులో, మూడేళ్ల లోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతును సమర్థించింది. ప్రభుత్వ రంగ బ్యాంకుకు మళ్లీ నియామకం జరపడానికి అయ్యే ఖర్చును లెక్కలోకి తీసుకుంది.

మొత్తం మీద తేడాలు ఎన్నున్నా ఒక్క విషయంలో అందరూ కలుస్తున్నారు. ఒప్పందం తప్పితే వచ్చేది డబ్బు ప్రశ్న. తల్లి అడిగిన జైలు ఈ కాగితంలో లేదు.

రెండో కాగితం: అకామా ముడి

జైలు భయం పుట్టేది రెండో కాగితంలో. ఉద్యోగం ఒప్పందంతో నడుస్తుంది, ఆ దేశంలో ఉండే హక్కు పర్మిట్‌తో నడుస్తుంది. ఆ పర్మిట్ యజమాని పేరుకు ముడిపడి ఉంటే, ఒప్పందం తెంచుకున్న క్షణమే ఉండే హక్కూ ఊగిసలాడుతుంది. గల్ఫ్‌లో కఫాలా అనే పద్ధతి సారం ఇదే. కఫీల్, అంటే పూచీ పడే యజమాని, జామీను నిలబడితేనే విదేశీయుడికి అకామా.

కార్మికుడు పనికి రావడం లేదని యజమాని ఫిర్యాదు చేస్తే సౌదీలో హురూబ్, అంటే పారిపోయాడన్న ముద్ర, పడుతుంది. యూఏఈలో దాన్నే అబ్‌స్కాండింగ్ అంటారు. కంపెనీ వదిలి, కాగితాలు లేకుండా బయట పనిచేసుకునేవాళ్లను మనవాళ్లు ఖల్లివల్లి అంటారు. అరబ్బీలో పోనీయ్, వదిలెయ్ అనే మాట తెలంగాణ పల్లెల్లో ఒక బతుకు పేరైపోయింది. ఖల్లివల్లి అయినవాడికి దవాఖానకు పోవాలంటే భయం, బ్యాంకులో డబ్బు పంపాలంటే భయం, అమ్మ చనిపోయినా విమానం ఎక్కలేడు. జీతం ఎగ్గొట్టిన యజమానిపై ఫిర్యాదుకు వెళ్తే ముందు తానే పట్టుబడతాడు. డబ్బు తగాదా పోలీసు వ్యవహారమయ్యేది ఇక్కడే.

గత పదేళ్లలో ఈ ముడి కొంత వదులైంది. సౌదీలో 2021 మార్చి 14 నుంచి, ఏడాది సర్వీసు పూర్తయిన ప్రైవేటు రంగ కార్మికుడు యజమాని అనుమతి లేకుండా మారవచ్చు. ఎగ్జిట్ వీసాకు తానే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయవచ్చు. 2022 అక్టోబరు నుంచి, పనికి రావడం లేదని యజమాని నమోదు చేసినా వెంటనే హురూబ్ పడదు. మరో యజమానికి మారడానికో దేశం విడవడానికో 60 రోజుల గడువు ఉంటుంది. ఖతార్ 2018లో చాలామందికి, 2020 జనవరిలో ఇంటి పనివాళ్లకు ఎగ్జిట్ పర్మిట్ తీసేసింది. యూఏఈ, వీసా రద్దయ్యాక దేశంలో ఉండే గడువును రకాన్ని బట్టి 30 నుంచి 180 రోజుల దాకా ఇస్తోంది.

ఈ మార్పులు నిజమైనవే, విలువైనవే. కానీ వాటికి గోడలున్నాయి. సౌదీ సంస్కరణలో ఇంటి పనివాళ్లు, ఇంటి డ్రైవర్లు, తోటమాలులు, గొర్రెలు కాసేవాళ్లు లేరు. అంటే నాలుగు గోడల మధ్యో, ఎడారి మధ్యో ఒంటరిగా ఉండి ఎక్కువ ప్రమాదంలో పడేవాళ్లే బయట మిగిలారు. కువైట్‌లో 18 నంబరు వీసాకూ 20 నంబరు వీసాకూ ఎంత తేడానో రాయచోటి, రాజంపేట ఆడవాళ్లను అడిగితే తెలుస్తుంది. 20 అంటే ఖాదిం, ఇంటి పని. అడుగు ముందుకే పడుతుందన్న హామీ కూడా లేదు. 2025 జులై నుంచి కువైట్ ప్రైవేటు రంగంలోని విదేశీయులకు దేశం దాటాలంటే యజమాని ఆమోదించే ఎగ్జిట్ పర్మిట్ కొత్తగా తప్పనిసరి చేసింది.

ఇది గల్ఫ్ జబ్బు మాత్రమే కాదు. హెచ్1బీ ఉద్యోగం పోయినా మానేసినా మిగిలేది 60 రోజుల గడువు. 2017 జనవరి నుంచి ఉన్న ఈ వెసులుబాటుకు ముందు అదీ లేదు. అయితే కొత్త యజమాని పిటిషన్ దాఖలు చేసిన వెంటనే అక్కడ చేరిపోవచ్చు. గల్ఫ్ కార్మికుడికీ అమెరికా ఇంజనీరుకూ ప్రధాన తేడా ఇదే. ఇద్దరి పర్మిటూ యజమానికి ముడిపడినదే, కానీ ఇంజనీరుకు ముడి మార్చుకునే చెయ్యి తనది. బ్రిటన్‌లో స్పాన్సర్‌షిప్ ఆగిపోతే హోం ఆఫీసు సాధారణంగా 60 రోజులు ఇస్తుంది. 2025 జులై 22 నుంచి విదేశాల నుంచి కేర్ వర్కర్ల కొత్త నియామకాలు ఆపేశారు.

పర్మిట్‌ను యజమానికి కట్టేయడం ఎంత బలహీనమైన కట్టడమో క్షమాభిక్షలే చెబుతున్నాయి. సౌదీలో 2013, 2017, యూఏఈలో 2018, 2024, కువైట్‌లో 2018, 2020, 2024. ప్రతిసారీ వేలమంది ఖల్లివల్లీలు ఔట్‌పాస్‌ల (దేశం వదిలే తాత్కాలిక పత్రాల) కోసం ఎంబసీల ముందు వరుస కట్టారు. ప్రతిసారీ గడువు తర్వాత మళ్లీ వేలమంది తయారయ్యారు. ఒకే నేరానికి ఇన్నిసార్లు క్షమాభిక్ష ప్రకటించాల్సి వస్తోందంటే తప్పు మనుషులది కాదు, నియమానిది.

మూడో కాగితం: ప్రామిసరీ నోటు

ఇక అందరూ మాట్లాడే కఫీల్‌ను కాసేపు పక్కనపెట్టి, ఎవరూ మాట్లాడని నోటు చూద్దాం. ఆ తల్లి కవరులోని నోటు లక్షా యాభై వేలకు, నెలకు నూటికి మూడు రూపాయల మిత్తికి. ఆ లెక్క నేను ఆ అరుగు మీదే కాగితం వెనుక వేసి చూశాను.

జీతం 1,000 రియాళ్లు. రియాల్‌కు 22 రూపాయల చొప్పున 22,000. తిండికి, ఫోనుకు 300 రియాళ్లు పోతే చేతిలో మిగిలేది 15,400. ఇంటి ఖర్చుకు నెలకు 7,000 పంపితే బాకీకి 8,400. మొదటి నెల మిత్తే 4,500. ఇలా కట్టుకుంటూ పోతే బాకీ తీరడానికి 26 నెలలు పడుతుంది. ఒప్పందం 24 నెలలు. అంటే ఒక్క రోజు నాగా లేకుండా, ఒక్క నెల జీతం ఆగకుండా ఒప్పందం పూర్తి చేసినా బాకీ తీరదు. నాలుగు నెలలకే తిరిగొస్తే ఇంకా 1,33,000 పైచిలుకు బాకీ ఉంటుంది, కట్టడానికి రియాళ్లు ఉండవు.

చట్టం ప్రకారం రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగ్గది 30,000 రూపాయలు, జీఎస్టీతో 35,400. ఆ సొమ్ముతోనే ఆ అబ్బాయి వెళ్లి ఉంటే, అదే మిత్తితో అదే లెక్కలో అయిదో నెలకు బాకీ తీరిపోయేది. వచ్చేస్తానన్న మాట అతను ధైర్యంగా అనగలిగేవాడు. మానేసే హక్కు సౌదీ చట్టంలో ఎంత ఉందో, ఆ 35,400కీ లక్షా యాభై వేలకూ మధ్య తేడాలో అంతకన్నా ఎక్కువ ఉంది.

గల్ఫ్ సంస్కరణలు కఫీల్ సంతకాన్ని తొలగించాయి. మన ఊరి వడ్డీని తొలగించలేవు. ఎన్‌వోసీ అక్కర్లేదని తెలిసిన మనిషి కూడా మారకుండా, మానకుండా ఉండిపోవడానికి కారణం ఇదే. అక్కడ హక్కు వచ్చింది, ఇక్కడ దాన్ని వాడుకునే స్తోమత లేదు. ఖల్లివల్లి అయ్యేవాళ్లలో చాలామంది దేశం మీద మోజుతో ఉండిపోయినవాళ్లు కాదు. కంపెనీలో ఉండలేక, బాకీతో ఇంటికి రాలేక, రెండింటికీ మధ్య నిలిచిపోయినవాళ్లు.

ఏజెంట్లు సంతకాలు చేయించుకునే ఖాళీ చెక్కుల సంగతి మరీ ప్రమాదకరం. ప్రామిసరీ నోటు సివిల్ వ్యవహారం. చెక్కు బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు. విదేశంలో ఉద్యోగం మానేయడం నేరం కాకపోయినా, ఖాళీ చెక్కు ఇచ్చిన మనిషికి ఆ భయం జేబులోనే ఉంటుంది. 1859 నాటి చట్టం ఇలా అడ్డదారిలో మన మధ్య బతుకుతోంది.

తిరిగొచ్చాక వెంటాడేవి

ఇంటికి వచ్చేస్తే అక్కడి బాకీ ఇక్కడికి వస్తుందా అన్నది చాలామంది అడిగే ప్రశ్న. సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఏ సెక్షన్ ప్రకారం, మన ప్రభుత్వం గుర్తించిన దేశాల డిక్రీలను ఇక్కడి జిల్లా కోర్టులో నేరుగా అమలు చేయించవచ్చు. బ్రిటన్, సింగపూర్ ముందు నుంచీ ఆ జాబితాలో ఉన్నాయి. 2020 జనవరిలో యూఏఈ కూడా చేరింది. క్రెడిట్ కార్డు బాకీలు, కారు లోన్లు వదిలేసి వచ్చినవాళ్లు ఇది మరవకూడదు. అమెరికా ఆ జాబితాలో లేదు కాబట్టి, అక్కడి తీర్పు ఆధారంగా ఇక్కడ కొత్తగా దావా వేయాలి. ఏ దేశం డిక్రీ అయినా, సహజ న్యాయానికి విరుద్ధంగా వచ్చినదీ, మోసంతో వచ్చినదీ 13వ సెక్షన్ ముందు నిలవదు.

ఆచరణలో కూలి పని చేసే కార్మికుడి వెనుక కంపెనీ ఇక్కడి కోర్టుదాకా రావడం ఖర్చుతో కూడిన పని. అతన్ని నిజంగా వెంటాడేది మళ్లీ ఆ దేశానికి వెళ్లనివ్వని నిషేధం, అక్కడే వదిలేసుకున్న హిసాబు డబ్బు, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు రావాల్సిన సొమ్ము. రెండోది పెద్ద నష్టం. యూఏఈలో మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల జీతం గ్రాట్యుటీ. కొత్త చట్టంలో రాజీనామా చేసినా అది తగ్గదు, ఏడాది నిండితే చాలు. సౌదీలో రాజీనామా చేసినవాడికి రెండేళ్లు దాటితే మూడో వంతు, అయిదేళ్లు దాటితే మూడింట రెండొంతులు, పదేళ్లకు మొత్తం వస్తుంది. 22 నెలలు భరించినవాడు మిగతా రెండు నెలలకు ముందే పారిపోతే ఏం పోగొట్టుకుంటాడో ఈ లెక్క చెబుతుంది.

అందుకే వెళ్లిపోవడం వేరు, పారిపోవడం వేరు. తిరిగొచ్చినవాళ్ల అనుభవాలు విన్నాక నాకు బలంగా నిలిచిన మాట ఇది. రాజీనామా రాతపూర్వకంగా ఇచ్చి ఫొటో తీసుకున్నవాడు, జీతం స్లిప్పులు, బ్యాంకు మెసేజ్‌లు, డ్యూటీ షీట్లు దాచుకున్నవాడు, విమానం ఎక్కకముందే లేబర్ ఆఫీసులో ఫిర్యాదు నంబరు తీసుకున్నవాడు గట్టెక్కాడు. ఖాళీ కాగితం మీదో, చదవలేని అరబ్బీ కాగితం మీదో సంతకం పెట్టి, అన్నీ ముట్టాయని ఒప్పుకున్నవాడు నష్టపోయాడు. పాస్‌పోర్టు లాక్కున్న యజమానికి అది తన ఆస్తి కాదని చెప్పవచ్చు. అది భారత ప్రభుత్వ ఆస్తి, దాన్ని అట్టిపెట్టుకోవడం యూఏఈ కార్మిక చట్టంలో నిషేధం. ఎంబసీకి భారత ప్రభుత్వ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. దుబాయ్, రియాద్, జెద్దాల్లో ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రాలున్నాయి. టికెట్టుకూ న్యాయ సహాయానికీ ఎంబసీల దగ్గర భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. దెబ్బలు, లైంగిక వేధింపులు, ప్రాణభయం ఉన్నప్పుడు మాత్రం నోటీసు లెక్కలు చూసుకోకూడదు. ముందు బయటపడి ఎంబసీ గడప తొక్కాలి, మిగతావి తర్వాత.

ఏం మారాలి

ఈ సమీక్షలో నాకు కనిపించిన పెద్ద లోటు, మధ్యలో తిరిగొచ్చే మనిషిని ఎవరూ లెక్కలోకి తీసుకోకపోవడం. ప్రవాసీ భారతీయ బీమా ప్రమాద మరణానికీ శాశ్వత వైకల్యానికీ 10 లక్షలు ఇస్తుంది. తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 5 లక్షలు ఇస్తోంది. రెండూ అవసరమే. కానీ నాలుగు నెలలకు నడుము విరిగి, బాకీతో, ప్రాణాలతో దిగినవాడికి ఏ పథకమూ ఎదురురాదు. తిరిగొచ్చినవాళ్ల కోసం అందరికన్నా ముందు ఆలోచించిన కేరళలో కూడా, అక్కడి ప్రవాసుల విభాగం నోర్కా ఇచ్చే స్వయం ఉపాధి సబ్సిడీకి కనీసం రెండేళ్లు విదేశంలో పనిచేసి ఉండాలన్న షరతుంది. అందరికన్నా సాయం కావాల్సినవాడు ఆ షరతు దగ్గరే ఆగిపోతాడు.

రెండో లోటు గ్యారంటీది. యూఏఈ 2022లో తెచ్చిన ఇంటి పనివాళ్ల చట్టం ప్రకారం, పనిమనిషి ప్రొబేషన్‌లో మానేస్తే ఏజెన్సీ యజమానికి నియామక రుసుము మొత్తం తిరిగివ్వాలి. ఆ తర్వాత మానేస్తే మిగిలిన కాలాన్ని బట్టి కొంత భాగం ఇవ్వాలి. యజమాని డబ్బుకు ఇంత భద్రత ఉంది. అదే, పని చెప్పినట్టు లేకపోవడం వల్ల మనిషి వెనక్కి వస్తే, మన ఏజెంటు తీసుకున్న సొమ్ములో ఒక్క రూపాయి తిరిగివ్వాలన్న గ్యారంటీ లేదు. ఇలాంటి నియమం మన దేశంలో పెట్టుకోవడానికి ఏ అరబ్ దేశం అనుమతీ అక్కర్లేదు. 1983 నాటి వలస చట్టాన్ని మార్చడానికి 2021లో ఒకసారి, 2025లో మరోసారి ముసాయిదాలు వచ్చాయి. వచ్చే చట్టంలో ఒక్క వాక్యం ఉంటే చాలు: ఆరు నెలల లోపు కార్మికుడి తప్పు లేకుండా ఉద్యోగం విరిగితే ఏజెంటు తీసుకున్నదంతా వాపసు ఇవ్వాలి.

మూడోది భాష. యూఏఈలో 2016 నుంచి ఉద్యోగ ప్రతిపాదన పత్రం కార్మికుడి భాషలోనూ ఉండాలన్న పద్ధతి వచ్చినప్పుడు 11 భాషలు ఎంచారు. హిందీ, ఉర్దూ, మలయాళం, తమిళం, బెంగాలీ, నేపాలీ ఉన్నాయి, తెలుగు లేదు. ఊరూరా గల్ఫ్ బస్సెక్కించిన మన రెండు రాష్ట్రాలు ఇందుకోసం గట్టిగా అడగాలి. అడగడం తెమలకపోతే, ఒప్పందం సారాంశం తెలుగులో రాసి సంతకం చేయనిదే పంపకూడదన్న నియమం వలస క్లియరెన్సు ఇచ్చే, హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ దగ్గరే పెట్టవచ్చు. పదో తరగతి పాసైనవాళ్లకు క్లియరెన్సే అక్కర్లేదు కాబట్టి వాళ్లు ఆ గడప తొక్కరు. ఆ మినహాయింపునూ మళ్లీ ఆలోచించాలి. పది పాసైనంత మాత్రాన అరబ్బీ కాగితం చదవడం రాదు.

కొన్ని రోజులకు మళ్లీ ఆ అరుగు మీదికి వెళ్లాను. జైల్లో వేయరమ్మా అని ఈసారి తడుముకోకుండా చెప్పాను. ఫిర్యాదు పెట్టి, నంబరు తీసుకుని, ఎగ్జిట్ మీద వస్తే అతని తప్పేమీ ఉండదని, మళ్లీ వెళ్లే దారి మూసుకుపోదని చెప్పాను. ఆమె మొహం తేటపడింది. ఒప్పందం, జిరాక్సు మడిచి కవరులో పెట్టేసింది. నోటు మాత్రం చేతిలోనే ఉంది. తేదీ లేని ఆ ఖాళీని చూపుడు వేలితో తడుముతూ, “మరి దీనికి?” అంది.

ఆ ప్రశ్నకు రియాద్‌లో జవాబు లేదు. హైదరాబాద్‌లో, అమరావతిలో, ఢిల్లీలో ఉండాలి.